చూశాకే చెయ్యెత్తండి

ఇంటి కాపలా కోసం లైటు కొనడానికి వెళ్లినవాళ్లు షాపులో ముందుగా అడిగే మాట ఒకటే: "ఇది ఎంత దూరం కొడుతుంది?" షాపువాడు ఎదురు బిల్డింగు మూడో అంతస్తు మీదికి ఫోకస్ వేసి చూపిస్తాడు. బేరం కుదిరిపోతుంది. నిజానికి అడగాల్సిన ప్రశ్న ఇంకోటి ఉంది. అర్ధరాత్రి నా గేటు దగ్గర నిలబడ్డ మనిషి ఎవరో, తలుపు తీయకుండా, ఆ మనిషి మీదికి ఏదీ ఎత్తకుండా, ఈ లైటుతో నేను పోల్చుకోగలనా? ఈ అధ్యాయమంతా ఈ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది. ఇంటి రక్షణలో లైటుకి మొదటి పని అవతల ఉన్నదేమిటో మనకు తెలియజెప్పడం. బెదిరించడం ఆ తర్వాతి సంగతి. తెలిశాక ఏం చేయాలన్నా చేయొచ్చు, తెలియకుండా చేసిందాన్ని మాత్రం వెనక్కి తీసుకోలేం. అందుకే చూసే సాధనాన్నీ కొట్టే సాధనాన్నీ వేర్వేరుగా ఉంచుకోవాలంటాను. ఒక లైటు గోడమీద ఉండాలి, రెండో లైటు ఎడమచేతిలో ఉండాలి. ఆయుధానికి అంటుకుని మాత్రం ఉండకూడదు.

గుండ్లపోచంపల్లినే తీసుకుందాం. హైదరాబాద్ ఉత్తర శివార్లలో, మేడ్చల్ పక్కన ఒకప్పటి పల్లె, 2018లో మునిసిపాలిటీ అయింది. ఒక దిక్కు అపారెల్ ఎక్స్‌పోర్ట్ పార్కు, ఇంకో దిక్కు కండ్లకోయ దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు, 44వ నంబరు జాతీయ రహదారి, ఇంజనీరింగ్ కాలేజీలు. 2023 నుంచి సికింద్రాబాద్–మేడ్చల్ ఎంఎంటీఎస్ రైళ్లు కూడా వచ్చాయి. ఇలాంటి శివారులో కొత్త వెంచర్లు ఎలా ఉంటాయో చూసినవాళ్లకు తెలుసు. ఒక ఇల్లు లేస్తుంది, చుట్టూ మూడు నాలుగు ప్లాట్లు మోకాలెత్తు గడ్డితో ఖాళీగా పడి ఉంటాయి. ఆ వీధిలో రాత్రిపూట ఎవరెవరు తిరుగుతారు? షిఫ్టు దిగి వచ్చేవాళ్లు, హాస్టల్ గేటు మూసేశాక గోడ దూకే కుర్రాళ్లు, లొకేషన్ తప్పుగా పడి వెతుక్కునే డెలివరీ బాయ్, కడుతున్న ఇంట్లోనే కాపురముండే మేస్త్రి కుటుంబం, పక్కింటికి రాబోయి మన గేటు తట్టే చుట్టం. ఒక్కోసారి నిజంగానే దొంగ. వీళ్లు కాక కుక్కలు, వానాకాలంలో పాములు. చీకట్లో వీటన్నిటిదీ ఒకే అలికిడి. చెడ్డీ గ్యాంగ్ దోపిడీ వార్త చదివి పడుకున్న రాత్రి ఆ అలికిడికి మన మనసు ఇచ్చే అర్థం కూడా ఒకటే. లైటు కొనేది ఆ అర్థాన్ని సరిచూసుకోవడానికి.

ఇంటి రక్షణ గురించి అమెరికాలో వచ్చే పుస్తకాలు, వీడియోలు చూస్తే లైటు అనగానే పిస్టల్ కింద బిగించే చిన్న లైటు గురించి చెబుతాయి. వెయ్యి ల్యూమెన్లు, ట్రిగ్గర్ పక్కనే స్విచ్చు. మన దగ్గర పరిస్థితి వేరు. 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేని తుపాకీ ఇంట్లో ఉంటేనే నేరం. 2019 సవరణ తర్వాత మామూలు లైసెన్సుదారు కూడా రెండింటికి మించి పెట్టుకోకూడదు. కాబట్టి ఈ కాలనీల్లో నూటికి తొంభైతొమ్మిది ఇళ్లకు తుపాకీ లైటు అవసరమే లేదనుకోవచ్చు. ఆయుధానికే లైటు ఉండాలన్న ఊహ మాత్రం ఇంకో రూపంలో ఇక్కడికీ వచ్చింది. లాఠీ చివర టార్చి ఉన్న కర్రలు, టార్చిలోనే షాక్ కొట్టే పిన్నులున్నవి ఆన్‌లైన్‌లో విరివిగా అమ్ముతున్నారు. "చూడనూ చూడొచ్చు, కొట్టనూ కొట్టొచ్చు, రెండు పనులకీ ఒకే వస్తువు" అన్నది వాటి ప్రచారం. తుపాకీ లైటులో ఉన్న లోపమే వీటిలోనూ ఉంది. అందుకే ఆ లోపం ఎక్కడుందో వివరంగా చూడాలి.

లైటు ఆయుధానికి బిగించి ఉంటే, దేన్ని చూడాలన్నా ఆయుధాన్ని దానివైపు తిప్పాల్సిందే. ప్రాణం తీయడానికి సిద్ధంగా లేనిదాని వైపు గొట్టం తిప్పొద్దనేది తుపాకీ శిక్షణలో మొట్టమొదట నేర్పే సూత్రాల్లో ఒకటి. చూసే పనికి తుపాకీ లైటు వాడేవాడు ఆ సూత్రాన్ని ప్రతి గది మలుపులోనూ తప్పుతాడు. నీళ్లు తాగడానికి లేచిన కూతురి మీదికి కూడా అదే గొట్టం తిరుగుతుంది. దీనికి తోడు భయంలో వేళ్లు మాట వినవు. 2010లో టెక్సస్ రాష్ట్రం ప్లానోలో, అంటే ఇవాళ మనవాళ్లు వేలల్లో స్థిరపడ్డ డాలస్ శివారులోనే, ఒక పోలీసు అధికారి కాల్పుల్లో ఒక యువకుడు చనిపోయాడు. తుపాకీకున్న లైటు వేయబోయి ట్రిగ్గర్ నొక్కానని ఆ అధికారి చెప్పాడు. శిక్షణ పొంది రోజూ ఆయుధంతో తిరిగే మనిషికే అలా జరిగిందంటే, ఏడాదికోసారి బీరువాలోంచి తీసే మనిషి సంగతేమిటి? లాఠీ టార్చి అంత ప్రమాదకరం కాదు, నిజమే. అయితే లైటు వేయడానికే చెయ్యెత్తాల్సి వచ్చినప్పుడు, ఎత్తిన చేతికీ దెబ్బకీ మధ్య ఆలోచించే వ్యవధి కుదించుకుపోతుంది. ఎదుటి మనిషికి కూడా మనం చూస్తున్నట్టు కాక కొట్టబోతున్నట్టు కనిపిస్తుంది. అమాయకుడైతే పరిగెత్తుతాడు, పరిగెత్తేవాడు దొంగలా కనిపిస్తాడు. దొంగే అయితే తిరగబడతాడు.

చూడకుండా చేసిన పని ఎక్కడిదాకా పోతుందో ప్రపంచమంతా చూసిన ఉదాహరణ దక్షిణాఫ్రికా పరుగు వీరుడు ఆస్కార్ పిస్టోరియస్‌ది. 2013 ఫిబ్రవరి 14 తెల్లవారుజామున ప్రిటోరియాలోని తన ఇంట్లో, మూసి ఉన్న టాయిలెట్ తలుపు మీద అతను నాలుగుసార్లు కాల్చాడు. లోపలున్నది అతని స్నేహితురాలు రీవా స్టీన్‌క్యాంప్. దొంగ చొరబడ్డాడనుకున్నాననీ, భయంతో లైటు కూడా వేయలేదనీ అతని వాదన. పై కోర్టు 2015లో దాన్ని హత్యగానే తేల్చింది. తలుపు వెనక ఉన్నది ఎవరైనా సరే, కాలిస్తే చనిపోవచ్చని తెలిసీ కాల్చడం హత్యేనని ఆ తీర్పు సారాంశం. 2017లో శిక్ష 13 సంవత్సరాల 5 నెలలకు పెరిగింది. అతను అబద్ధమాడాడా, నిజం చెప్పాడా అన్న చర్చ పక్కన పెట్టండి. అతని మాటే నిజమనుకున్నా, ఆ రాత్రి ఒక స్విచ్చు నొక్కి పక్కమీద మనిషి ఉందో లేదో చూస్తే సరిపోయేది.

అది తుపాకుల దేశం, మనకు వర్తించదు అనేవాళ్లు 2018 మే నెల తెలంగాణను గుర్తు చేసుకోవాలి. పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని వాట్సాప్‌లో వీడియోలు పాకాయి. ఊళ్లలో రాత్రి గస్తీలు మొదలయ్యాయి. బీబీనగర్ మండలంలో బంధువుల ఊరికి వచ్చిన ఒక ఆటో డ్రైవర్‌ను కొత్తమనిషని పట్టుకుని కొట్టి చంపారు. అదే నెలలో హైదరాబాద్ చాంద్రాయణగుట్టలో భిక్షాటనకు వచ్చిన ట్రాన్స్‌జెండర్ వ్యక్తిని గుంపు చంపేసింది. అక్కడ తుపాకులు లేవు. చేతులు, రాళ్లు, కర్రలే. అప్పుడు జోగులాంబ గద్వాల ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి కానిస్టేబుళ్లను ఊరూరా తిప్పి, పాటలతో, డప్పుతో ఆ పుకార్లను ఎదుర్కొన్నారు. ఆవిడ పోరాడింది మనుషుల్ని పోల్చుకోకముందే తీర్పు చెప్పే అలవాటుతో. ఇంటి ముందు లైటు చేసే పని కూడా చిన్న ఎత్తున అదే.

లైటంటూ ఉంటే చాలదని, అది ఎవరిమీద పడుతుందన్నదే ముఖ్యమని చెప్పే ఇంకో ఉదంతం మన పొరుగు ఒడిశాలోది. 1958లో రాస్‌గోవింద్‌పూర్‌లో వాడకం లేని విమానాశ్రయం దగ్గర, అర్ధరాత్రి చెట్టుకింద కదులుతున్న దీపాన్నీ దాని చుట్టూ ఆకారాల్నీ చూసి దయ్యాలనుకుని, రామ్ బహదూర్ థాపా అనే నేపాలీ పనిమనిషి కుక్రీతో మీదపడి నరికాడు. వాళ్లు ఇప్పపూలు ఏరుకోవడానికి లాంతరు పట్టుకుని వచ్చిన ఆదివాసీ స్త్రీలు. ఒకరు చనిపోయారు, ఇంకొందరు గాయపడ్డారు. నిజంగానే దయ్యాలని నమ్మాడు కాబట్టి 1960లో ఒడిశా హైకోర్టు అతను నిర్దోషన్న తీర్పును ఖాయం చేసింది. న్యాయవిద్యార్థులు ఈ కేసును పొరపాటు నమ్మకానికి ఉదాహరణగా చదువుకుంటారు. మనం నేర్చుకోవాల్సింది వేరే ఉంది. అక్కడ వెలుగు ఉంది. దూరం నుంచి చూసేవాడికి దీపమే కనబడింది, మనుషుల ముఖాలు కనబడలేదు. లైటు ఉందా లేదా అన్నదానికంటే, అది ఎదుటివాడి ముఖాన్ని మనకు చూపిస్తోందా అన్నదే అసలు పరీక్ష.

చట్టం ఇంటివాణ్ని నిస్సహాయుణ్ని చేయలేదు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 34 నుంచి 44 వరకు సెక్షన్లలో ఆత్మరక్షణ హక్కును వివరిస్తుంది. సూర్యాస్తమయం తర్వాత, సూర్యోదయానికి ముందు ఇల్లు పగలగొట్టి చొరబడేవాణ్ని ఎదుర్కొనేటప్పుడు ఆ హక్కు ప్రాణం తీసేదాకా కూడా వెళ్లవచ్చని 41వ సెక్షన్ అంటుంది. 37వ సెక్షన్ మాత్రం దానికి కళ్లెం వేస్తుంది. పోలీసుల సాయం పొందే వ్యవధి ఉంటే ఆ హక్కు లేదు, రక్షణకు అవసరమైనంతకు మించి హాని చేయకూడదు. ఇల్లు పగలగొట్టడం వేరు, ప్రహరీ లోపల నిలబడి ఉండటం వేరు. ఆత్మరక్షణ కోసమే చేశానని చూపించుకునే భారం నిందితుడి మీదే పడుతుంది. పొరబడ్డాననేవాడు తగినంత జాగ్రత్త తీసుకునే పొరబడ్డాడా అని కూడా చట్టం అడుగుతుంది. స్విచ్చు చేతికందే దూరంలో ఉండగా వేయని మనిషి ఆ ప్రశ్నకు ఏం జవాబు చెబుతాడు? లైటు వేసి, చూసి, కేకేసి, అత్యవసర నంబరు 112కి ఫోన్ చేసిన మనిషి వాదన మాత్రం ఆ పనుల్లోనే ఉంటుంది.

ఇక ఎలాంటి లైటు అన్న విషయానికొద్దాం. మొదటి స్థానం గోడకు బిగించి, లోపలి నుంచి స్విచ్చు వేసే లైటుది. కారణం తేలిక. చేతిలో టార్చి పట్టుకున్నవాడు ఎక్కడున్నాడో ఎదుటివాడికి తెలిసిపోతుంది. గోడమీద లైటు వెలిగితే వెలుగులో ఉన్నది వాడు, చీకట్లో ఉన్నది మనం. ఇందులో చాలామంది చేసే తప్పొకటుంది. అలికిడి కాగానే ముందు పడకగది ట్యూబులైటు వేస్తారు. ఆ క్షణంలో కిటికీ అద్దం మన ముఖాన్నే మనకు చూపిస్తుంది, బయట ఉన్నవాడికి మాత్రం గదిలో ఎవరెవరున్నారో, ఏ వైపు కదులుతున్నారో అంతా కనిపిస్తుంది. గదిలో చీకటి ఉండనిచ్చి బయటి లైటు వేయండి. అదే అద్దంలోంచి ఆవరణ అంతా కనిపిస్తుంది. ఇందుకోసం గేటు లైటుకీ, వెనక సందు లైటుకీ మంచం తలవైపు ఇంకో స్విచ్చు పెట్టించుకోవాలి. ఎలక్ట్రీషియన్‌ను టూ-వే స్విచ్ అని అడిగితే చాలు. ఇల్లు కడుతున్నప్పుడే చెబితే ఖర్చు నామమాత్రం.

ఎంత వెలుగు కావాలి? గుండ్లపోచంపల్లి వైపు మామూలు 200 గజాల ప్లాటు 30 అడుగుల వెడల్పు, 60 అడుగుల పొడవు ఉంటుంది. ఇల్లు పోగా గేటుకీ తలుపుకీ మధ్య దూరం ఎనిమిది మీటర్లు ఉంటే గొప్ప. 20 వాట్ల ఎల్ఈడీ ఫ్లడ్ లైటు సుమారు 2000 ల్యూమెన్లు ఇస్తుంది. నేరుగా ఎదురుగా, ఎనిమిది మీటర్ల దగ్గర అది పది లక్స్ (ఒక చోట పడే వెలుగుకు కొలత) దాకా పడుతుంది. పున్నమి వెన్నెల పావు లక్స్ దరిదాపుల్లో ఉంటుంది కాబట్టి, ఇది దానికి నలభై రెట్లు. ముఖం, చొక్కా రంగు, చేతిలో ఏముందో తెలియడానికి ఇది చాలు. 100 వాట్లది పెడితే పక్కింటివాళ్ల నిద్ర పోవడం తప్ప అదనంగా వచ్చేదేమీ లేదు. వాట్ల కంటే బిగించే చోటు ముఖ్యం. గేటు దిమ్మె మీద పెట్టిన బల్బు లోపలికి వచ్చేవాడి నెత్తినీ వీపునీ చూపిస్తుంది, ముఖం నీడలోనే ఉండిపోతుంది. ఇంటి గోడమీద, రెండున్నర మూడు మీటర్ల ఎత్తున, గేటు వైపు కాస్త కిందికి వంచి బిగిస్తే వచ్చేవాడి ముఖం మీద పడుతుంది. సీసీ కెమెరాకీ ఇదే మేలు చేస్తుంది. ఇన్‌ఫ్రారెడ్ మీద నడిచే కెమెరా రాత్రి నలుపు తెలుపుల్లోనే చూపిస్తుంది, ఎర్ర చొక్కానో నీలం చొక్కానో చెప్పలేదు. వెలుగు ఉంటే అదే కెమెరా రంగుల్లో చూపిస్తుంది.

రాత్రంతా వెలిగే లైటా, సెన్సర్ లైటా అన్న ప్రశ్నకు జవాబు చెప్పేముందు పరిశోధనలు ఏమంటున్నాయో చూడాలి. ఎందుకంటే లైటు పెడితే నేరం తగ్గుతుందన్న మాట అంత తేలిగ్గా నిలబడదు. న్యూయార్క్‌లో 2016లో కొన్ని ప్రభుత్వ గృహసముదాయాలను లాటరీ పద్ధతిలో ఎంచి ఎత్తైన లైట్ల టవర్లు పెడితే, రాత్రిపూట ఆరుబయట జరిగే తీవ్ర నేరాలు సుమారు 36 శాతం తగ్గాయి. షికాగోలో అంతకుముందు సందుల్లో లైట్ల కాంతి పెంచితే నమోదైన నేరాలు తగ్గకపోగా పెరిగాయి. ఇంగ్లండ్, వేల్స్‌లలో 62 స్థానిక సంస్థల పరిధిలో వీధిలైట్లు తగ్గించినా, ఆర్పేసినా నేరాలు పెరిగిన ఆధారం దొరకలేదని 2015లో ఒక అధ్యయనం తేల్చింది. ఇవి ఒకదానికొకటి అడ్డం వస్తున్నట్టు కనిపిస్తాయి. నాకు తోచిన సమన్వయం ఇది: వెలుగు దానంతటది ఎవర్నీ ఆపదు, ఆ వెలుగులో చూసే కళ్లు ఉన్నాయన్న అనుమానమే ఆపుతుంది. జనం మసిలే గృహసముదాయంలో ఆ కళ్లు ఉంటాయి, ఎవరూ తొంగిచూడని వెనక సందులో ఉండవు. సంక్రాంతికి ఊరెళ్లినవాళ్లు నాలుగు రోజులు పగలూ రాత్రీ వెలిగించి వదిలేసిన వరండా బల్బు ఇంట్లో ఎవరూ లేరని చాటింపు వేస్తుంది తప్ప కాపలా కాయదు. అందుకే మనిషి కదలికకు వెలిగే సెన్సర్ లైటు ఇంటికి మేలు. చీకటి ఒక్కసారిగా వెలుగైతే మనమూ చూస్తాం, ఎదురింటివాళ్లూ చూస్తారు.

సెన్సర్ లైటుకి దాని బలహీనతలు దానికున్నాయి. మామూలుగా దొరికే పీఐఆర్ సెన్సర్ ఒంటి వేడిని, ఆ వేడి కదలికను పట్టుకుంటుంది. అడ్డంగా నడిచేవాణ్ని త్వరగా పసిగడుతుంది, నేరుగా దానివైపు వచ్చేవాణ్ని ఆలస్యంగా పసిగడుతుంది. కాబట్టి నడకదారికి పక్కగా బిగించాలి. ఎండాకాలం రాత్రుల్లో గోడలు, నేల వేడిగా ఉండి ఒంటి వేడికీ చుట్టూ వేడికీ తేడా తగ్గినప్పుడు దాని చూపు మందగిస్తుంది. మేలో ఓసారి నడిచి చూసి సరిచేసుకోండి. కుక్కలకీ పిల్లులకీ వెలుగుతుందని విసుక్కుని తీసేసేవాళ్లున్నారు. సెన్సర్‌ను మరీ కిందికి వంచకుండా, సున్నితత్వం కాస్త తగ్గిస్తే ఆ బాధ చాలావరకు పోతుంది. ఆరుబయట పెట్టేది కాబట్టి వాననీ దుమ్మునీ తట్టుకునే ఐపీ65 గుర్తు ఉన్నదే తీసుకోండి. పసుపుచాయ కాంతికి వానాకాలం పురుగులు తక్కువగా మూగుతాయి. పురుగుల కోసం కప్పలు, కప్పల కోసం పాములు వచ్చే శివారులో ఇది చిన్న విషయం కాదు. అన్నిటికంటే ముఖ్యం, ఈ లైటు ఇన్వర్టర్ లైను మీద ఉండాలి. చాలా ఇళ్లలో ఫ్యాన్లనూ టీవీనీ ఇన్వర్టర్‌కు కలిపి బయటి లైట్లను వదిలేస్తారు. కరెంటు పోయిన రాత్రే వాటి అవసరం ఎక్కువ.

రెండో లైటు చేతిలో పట్టుకునే టార్చి, మన ఊళ్లలో పాతవాళ్లు బ్యాటరీ అని పిలిచేది. రాత్రి కరెంటు వచ్చినప్పుడు మోటారు వేయడానికి పొలానికెళ్లిన తరం దాన్ని వాడింది దొంగల కోసం కాదు, అడుగు ఎక్కడ పెడుతున్నామో చూసుకోవడానికి. మన ఇంటి టార్చికీ ఆ పనే ఎక్కువ పడుతుంది. పెరట్లో పాము కనిపిస్తే దూరం నుంచి దానిమీద వెలుగు నిలిపి, ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ లాంటివాళ్లకు ఫోన్ చేయడం కర్రతో వెంటపడటం కంటే క్షేమం. కొనేటప్పుడు డబ్బా మీది అంకెలు అర్థం చేసుకోండి. ల్యూమెన్ అంటే మొత్తం వెలుగు, క్యాండెలా అంటే ఒక దిక్కున దాని పదును. 200 మీటర్ల రేంజి అని రాస్తే, టార్చిలకు వాడే అమెరికా ప్రమాణం ప్రకారం 200 మీటర్ల దగ్గర పావు లక్స్, అంటే పున్నమి వెన్నెలంత వెలుగు పడుతుందని అర్థం. అంత పదును మన ఇంట్లో దండగ. ఐదు మీటర్లలో ఉన్న తెల్లగోడకు తగిలి తిరిగొచ్చి మన కళ్లనే కప్పేస్తుంది, చీకటికి అలవాటుపడిన చూపు మళ్లీ పూర్తిగా కుదురుకోవడానికి అరగంట దాకా పడుతుంది. వెడల్పుగా పరుచుకునే 300 నుంచి 500 ల్యూమెన్ల టార్చి సరిపోతుంది.

స్విచ్చు మొదటిసారి నొక్కగానే నిలకడైన వెలుగు రావాలి. ఐదు మోడ్‌లు తిప్పితే గాని అసలు లైటు రానిది, మొదటే టపటపా కొట్టుకునేది వద్దు, ఆ మిణుకుల్లో ముఖం పోల్చుకోవడం కష్టం. 18650 అనే రీఛార్జబుల్ సెల్లున్న టార్చి అయితే సెల్ మీద అంకె చూడండి. మంచి కంపెనీ సెల్ సామర్థ్యం సుమారు 3,500 ఎంఏహెచ్ దాకా ఉంటుంది. 9,800 అని రాసి ఉంటే ఆ డబ్బా మీది మిగతా అంకెల్ని కూడా నమ్మకండి. నెలకోసారి, కరెంటు బిల్లు కట్టే రోజే గుర్తుపెట్టుకుని ఛార్జింగ్ పెట్టండి. టార్చి ఉండే చోటు ఇంట్లో అందరికీ తెలియాలి, ఆ చోటు మారకూడదు.

ఈ వాదనకు గట్టి అభ్యంతరాలు లేకపోలేదు. దొంగ ఇప్పటికే హాల్లోకి వచ్చేస్తే స్విచ్చులూ టార్చిలూ అంటూ కూర్చుంటామా, ఒక చేతిలో టార్చి ఉంటే రెండో చేతి బలం పోదా అంటారు. ఒంటి చేత్తో ఫోన్ చేయాల్సి వస్తుంది, పిల్లల్ని పట్టుకోవాల్సి వస్తుంది, అది నిజమైన ఇబ్బందే. అయితే అలాంటి క్షణంలో మనం చేయాల్సిన పని దొంగను వెతుక్కుంటూ గదిగదికీ తిరగడం కాదు. అందరూ ఒక గదిలో చేరి, గడియ పెట్టి, ఫోన్ చేసి, గట్టిగా కేకలేయడం. వెతకడం మానేస్తే ఆయుధానికి లైటు కావాలన్న అవసరంలో ముప్పావువంతు అక్కడే పోతుంది. పోలీసులు, సైనికులు తుపాకీ లైట్లు వాడుతున్నారు కదా అంటే, వాడుతున్నారు. వెతకడం వాళ్ల ఉద్యోగం, శిక్షణ ఉంది, వెనక తోడు ఉంటుంది, వాళ్ల బెల్టుకి విడిగా ఇంకో టార్చి కూడా ఉంటుంది. మామూలుగా చూసే పనికి ఆ రెండోదే వాడమని వాళ్లకూ నేర్పుతారు. కళ్లు బైర్లు కమ్మించే లైటే ఒక ఆయుధం కదా అనేవాళ్లూ ఉన్నారు. కొన్ని క్షణాలు కమ్ముతుంది, నిజమే. కళ్లు కనిపించని మనిషి చేతిలో కత్తి ఉంటే అది ఎటు తిరుగుతుందో వాడికీ తెలియదు. తప్పించుకుని తలుపేసుకోవడానికి ఆ క్షణాలు పనికొస్తాయి, తలపడటానికి పనికిరావు.

సైన్యం నుంచి రిటైరైనవాళ్లు ఎక్కువగా స్థిరపడ్డ ఈ ఉత్తర శివార్లలో లైసెన్సున్న ఆయుధం ఉన్న ఇళ్లు కొన్ని ఉంటాయి. వాళ్లకు కూడా నేను చెప్పే వరస మారదు. గోడ లైట్లు, చేతి టార్చి అమరిన తర్వాతే ఆయుధానికి లైటు గురించి ఆలోచించాలి. ఆలోచించినా, దాన్ని వెతకడానికి కాక, ఎదుటివాడెవరో ఖాయంగా తెలిసి, ఇంకో దారి లేదని తేలిన ఆఖరి క్షణానికి మాత్రమే ఉంచుకోవాలి. ఆ లైటు స్విచ్చు ట్రిగ్గర్ వేలితో నొక్కేది కాకూడదు. మనవళ్లు వచ్చిపోయే ఇంట్లో ఆయుధం తాళం వెనకే ఉండాలి. తాళం తీసేంత వ్యవధి ఉందంటే 112కి ఫోన్ చేసే వ్యవధీ ఉన్నట్టే.

చూడటం అలవాటు కావాలంటే ఇంట్లో ఒకసారి కూర్చుని మాట్లాడుకోవాలి. అలికిడైతే లైటు ఎవరు వేయాలి, ఫోన్ ఎవరు చేయాలి, పెద్దవాళ్లను ఎవరు లేపాలి అన్నది ముందే అనుకోవాలి. లైటు వేశాక "ఎవరది?" అని మూసిన తలుపు వెనక నుంచే అడగాలి. చుట్టమో, పక్కింటి పిల్లాడో అయితే పేరు చెబుతాడు. జవాబు రాకపోతే పోలీసులకు చెప్పడానికి మీ దగ్గర నిజమైన వివరాలుంటాయి: ఎంతమంది, ఏ రంగు బట్టలు, ఏ దిక్కుకి పోయారు. కాలనీ వాట్సాప్ గ్రూపులో ఎవరి ఫొటో అయినా పెట్టి "దొంగ, జాగ్రత్త" అని రాసేముందు 2018 గుర్తు తెచ్చుకోవాలి. చూసింది రాయండి, ఊహించింది రాయకండి. ఊరెళ్లేటప్పుడు పోలీసు స్టేషన్‌లోనూ, కనీసం ఎదురింట్లోనూ చెప్పి వెళ్లండి. మీ సెన్సర్ లైటు వెలిగినప్పుడు చూసే కళ్లు వాళ్లవే.

చేతిలో ఉన్న డబ్బు ఏ వరసలో ఖర్చుపెట్టాలో కూడా ఈ వాదనే చెబుతుంది. ముందు గేటు వైపు ఒక ఫ్లడ్ లైటు, దానికి మంచం పక్కన స్విచ్చు. తర్వాత వెనక సందుకి సెన్సర్ లైటు. ఆ రెండూ ఇన్వర్టర్ మీదికి. ఆ తర్వాత ప్రతి పడకగదికీ ఒక మామూలు టార్చి. ఇన్నీ అమరాక ఇంకా డబ్బు మిగిలితే తలుపుకి గట్టి గడియా, లోపలి గొళ్లెమూ పెట్టించండి. షాక్ టార్చి కొందామని పక్కన పెట్టిన డబ్బుతోనే ఈ పనుల్లో సగం అయిపోతాయి. ఈ ఆదివారమే ఎలక్ట్రీషియన్‌ను పిలిచి, రాత్రి పదింటికి ఇంట్లో లైట్లన్నీ ఆర్పేసి, బయటి లైటు వేసి, మీ ఇంటి మనిషినే గేటు దగ్గర నిలబెట్టి మంచం మీంచి చూడండి. ముఖం కనిపించిందంటే మీ లైటు సరిపోయింది. కనిపించకపోతే, ఆ లైటు కోణం మార్చడానికి నిచ్చెన ఎక్కాల్సింది ఆ రాత్రే.